సంచారము – సత్రఋణము

ఒకచోట నిలిచియుండుట గృహస్థునకు ధర్మము. ఒకచోట నిలువక తిరుగుట సన్న్యాసికి ధర్మము. ఈ రెండింటి నడుమ వానప్రస్థము కలదు. గృహస్థుడు ఇల్లు విడువదగిన కాలమెప్పుడను ప్రశ్నకు మనుస్మృతి ఆరవ అధ్యాయము సమాధానము చెప్పినది. దేహమున ముడుతలు, తలపై నెరసిన వెంట్రుకలు, ఇంట సంతానమునకు సంతానము, ఇవి కనబడిన పిదప అడవికి పోవచ్చునని ఆ ధర్మశాస్త్రము యొక్క అభిప్రాయము. ఇందు మొదటి రెండును శరీరము చెప్పు గుర్తులు. మూడవది కుటుంబము చెప్పు గుర్తు. ఇంతకాలము తాను మోసిన భారమును అందుకొనుటకు తరువాతి తరము సిద్ధమైనదని దాని భావము.

నేటి కాలమున ఈ పాత ప్రశ్నయే క్రొత్త వేషమున ముందుకు వచ్చినది. నలువది, నలువదియైదేండ్లకే ఉద్యోగము చాలించి, ఇల్లు అమ్మివేసి, ఒక తెరచాప పడవను కొని, దానినే నివాసముగా చేసికొని భార్యాభర్తలిరువురును సముద్రములు తిరుగుట పాశ్చాత్య దేశములలో ఒక జీవనవిధానముగా ఏర్పడినది. ఆ దేశములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకును, వారిని గన్న ఇచ్చటి తల్లిదండ్రులకును 'త్వరగా పని చాలించుట' అను మాట ఇప్పుడు క్రొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగులకు పదవీ విరమణ వయస్సు 2022లో 62 సంవత్సరములకు పెంచబడినది. అట్టి కాలముననే మరియొకచోట నలువదియేండ్లకు విరమించుటకు లెక్కలు వేయబడుచున్నవి. ఆ లెక్కకు మూలము అమెరికాలోని విలియం బెంజెన్ అను ఆర్థిక సలహాదారు 1994లో ప్రకటించిన పరిశీలన. కూడబెట్టిన ధనములో మొదటి ఏట నూటికి నాలుగు వంతున తీసికొని, పిమ్మట ధరల పెరుగుదలను బట్టి సవరించుకొనుచు పోయినచో 30 సంవత్సరములు ఆ ధనము నిలుచునని అతడు చూపెను. ఏటి ఖర్చునకు 25 రెట్లు కూడబెట్టినవాడు పని మానవచ్చునను సూత్రము దానినుండి వ్యాపించినది. నలువదియేండ్ల వానికి 30 సంవత్సరములు చాలునా అను సందేహము అటుండనిండు. ఆ లెక్కలో ధనము కలదు కాని ఋణము లేదు. మనుష్యుడు ఇతరులకు ఏమి బాకీపడియున్నాడో అందులో ఒక గడియైనను లేదు. ధర్మము అడుగు లెక్క అదియే.

అట్లైనచో శక్తి ఉండగనే పని విడిచి సముద్రముపై తిరుగుట వైరాగ్యమా, లేక భోగమునకే మరియొక పేరా? నిలిచియున్న గృహస్థునకు లేని పుణ్యమేదైన ఆ సంచారమున కలదా? అతనికి లేని దోషమేదైన కలదా? ఈ ప్రశ్నలను విచారించుటకు దొరవారిసత్రము తగిన స్థలము.

నాయుడుపేటకును సూళ్లూరుపేటకును నడుమ, చెన్నపట్టణమునకు పోవు పెద్ద రహదారిపైనను రైలుమార్గముపైనను ఉన్న ఊరు దొరవారిసత్రము. చిరకాలము నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో చేరినది. దాని తూర్పుదిక్కున పులికాట్ సరస్సు పరచుకొనియున్నది. తెలుగువారు ప్రళయకావేరి అని పిలుచుకొన్న సరస్సు అదియే. ఉప్పునీటి సరస్సులలో ఒరిస్సాలోని చిలుక తరువాత భారతదేశమున పెద్దది ఇదియే. సరస్సునకు ఆవల శ్రీహరికోట దీవి, దానికి ఆవల బంగాళాఖాతము. ఇంతటి నీటిచెంత ఉన్నను ఈ ఊరికి పేరు నీటివలన రాలేదు, సత్రము వలన వచ్చినది. ఒకనాడు ఎవరో ఒక దొర బాటసారులకొరకు ఒక సత్రము నిలిపెననియు, ఆ సత్రము చుట్టును ఊరు పెరిగెననియు ఆ పేరే చెప్పుచున్నది. నడిచిపోయినవారి పేర్లు ఒక్కటియు నిలువలేదు. నడిచిపోవువారికి నీడనిచ్చిన ఇంటి పేరు మాత్రము ఊరికి పేరై నిలిచినది.

ముందుగా సముద్రసంచారి పక్షమున చెప్పదగినది చెప్పవలెను. చిన్న పడవలో జీవించుట సుఖజీవనమని దూరమునుండి తోచును గాని, అందు తపస్సును పోలిన అంశములు కలవు. మంచినీరు కొలతపెట్టి వాడవలెను. పట్టునంతకు మించి ఒక్క వస్తువును ఉంచుకొనరాదు. రాత్రివేళ ఒకరు నిదురించినచో మరియొకరు మేలుకొని దిక్కు చూచుచుండవలెను. గాలి ఎటు వీచునో అటు తెరచాపను సవరించుకొనవలెను గాని గాలిని ఆజ్ఞాపించుటకు వీలులేదు. తుఫానుల ఋతువు వచ్చుసరికి ఆ ప్రాంతమునుండి తొలగిపోవలెను. సముద్రము ఎవరి హోదాను, విద్యను, ధనమును లెక్కచేయదు. శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత తనకు ఇరువదినలుగురు గురువులని చెప్పెను. వారిలో సముద్రుడొకడు. వానకాలమున నదులన్నియు వచ్చి చేరినను పొంగక, వేసవిలో అవి ఎండినను తరుగక యుండుటను అతడు సముద్రునివద్ద నేర్చెను. ఇల్లు కట్టుకొనక పరులు కట్టిన నెలవులలో తలదాచుకొను సర్పమును అతనికి గురువే. కనుక తిరుగుట తప్పనియు, ఇల్లు లేకుండుట తప్పనియు శాస్త్రము చెప్పలేదు.

ఒంటరిగా లోకమును పడవపై చుట్టివచ్చిన మొదటివాడు జాషువా స్లోకం. అతడు తెరచాప ఓడలకు కెప్టెనుగా పనిచేసి, ఆవిరి ఓడలు వచ్చిన పిదప బ్రతుకుతెరువు తగ్గిన మనిషి. పొలములో పడియున్న ఒక పాత పడవను తన చేతులతో తిరిగి కట్టుకొనెను. దాని పొడవు సుమారు 37 అడుగులు. 1895 ఏప్రిల్‌లో బోస్టను రేవునుండి బయలుదేరి, మూడు సంవత్సరములకు పైగా తిరిగి, 1898 జూనులో అమెరికా తీరము చేరెను. 1909లో అదే పడవపై మరల వెడలి సముద్రములోనే కనుమరుగయ్యెను. పని పోయిన మనిషి తన విద్యను వ్యర్థము కానీయక దానినే సాధనముగా చేసికొనుట ఇందు కనబడును. దీనిని నిందించుటకు కారణము లేదు.

కాని సంచారమునందు రుచి ఏర్పడిన పిదప దానిని విడుచుట ఎంత కష్టమో తెలుపు కథ మరియొకటి కలదు. 1968లో ఇంగ్లండు నుండి ఒంటరిగా, ఎచ్చటను ఆగక లోకమును చుట్టివచ్చు పందెము మొదటిసారి ఏర్పాటైనది. అందు పాల్గొన్న ఫ్రెంచి నావికుడు బెర్నార్డ్ మోయితెసియే. స్లోకం పై గౌరవముతో తన పడవకు జాషువా అని పేరు పెట్టుకొన్నవాడు. అతడు గెలువదగిన స్థితిలో ఉండియు 1969లో పందెమును విడిచిపెట్టెను. ఇంగ్లండునకు తిరుగక, భూమిని మరల సగము చుట్టి, జూను నెలలో పసిఫిక్ మహాసముద్రములోని తహితి దీవి చేరెను. ధనమును, కీర్తిని చేతికి అందునంత దూరమున వదలుట సామాన్యుల వలన కాదు. ఆ అంశము చూచినచో అది త్యాగమే. కాని ఫ్రాన్సు దేశమున అతని భార్య అతని రాకకై ఎదురుచూచుచుండెను. అతడు కీర్తిని విడిచినప్పుడే ఆమెను కూడ విడిచెను. కీర్తి తనది, తాను విడువవచ్చును. ఆమె ఎదురుచూపు ఆమెది. ఆమెను అడుగక దానిని విడుచుటకు అతనికి అధికారము ఎచ్చటిది?

విరక్తికిని, విసుగునకును భేదము ఇచ్చటనే తెలియును. విరక్తుడు తనదైన దానిని విడుచును. విసిగినవాడు ఇతరులకు ఈయవలసిన దానిని కూడ విడిచిపోవును.

ఈ విషయమున భాగవతము తృతీయ స్కంధములోని కర్దమ మహర్షి చరిత్ర మిక్కిలి ఉపకరించును. బమ్మెర పోతన తెనిగించిన ఆ స్కంధము తెలుగు వైష్ణవ గృహములలో పారాయణమునందున్నదే. కర్దముడు స్వాయంభువ మనువు కుమార్తెయైన దేవహూతిని వివాహమాడెను. రాజపుత్రికయై పుట్టిన ఆమె ఆశ్రమమున భర్తకు సేవచేసి చిక్కి శల్యమయ్యెను. ఆమె సేవకు మెచ్చి అతడు వరమడుగుమనగా, సంతానమును, దానికి తగిన నివాసమును ఆమె కోరెను. అంతట కర్దముడు తన యోగబలమున ఒక విమానమును సృష్టించెను. అది కోరిన చోటికి పోవు ఇల్లు. వారిరువురును ఆ తిరుగు ఇంటిలో దేవతల ఉద్యానములయందును, మానస సరోవర తీరమునందును విహరించిరి. నూరేండ్లు క్షణమువలె గడచెనని చెప్పబడినది. నేడు పడవను ఇల్లుగా చేసికొని దేశములు తిరుగు దంపతులు పురాణములలో తమ పోలికను వెదకినచో వారికి దొరకునది కర్దమ దేవహూతుల విమానమే. మహర్షి ఆ విహారమును పాపమనలేదు. భార్యాభర్తలు కలిసి లోకము చూచుట దోషమని వ్యాసుడును చెప్పలేదు.

కాని కథ అంతటితో ముగియలేదు. విహారము ముగించి వారు తమ ఆశ్రమమునకు తిరిగివచ్చిరి. తొమ్మిదిమంది కుమార్తెలు కలిగిరి. అప్పుడు కర్దముడు సన్న్యసించి పోదలచెను. దేవహూతి పైకి చిరునవ్వు నటించుచు, లోపల కలగుచు, కాలిగోటితో నేలను వ్రాయుచు నిలిచెను. కుమార్తెలకు తగిన వరులను చూడవలసియున్నదని, తాను ఒంటరియైనప్పుడు తనకు జ్ఞానము చెప్పి ఊరడించువాడు ఒకడు కావలెనని మనవి చేసెను. మహర్షి అంతటివాడు ఆ మాటకు ఆగెను. భగవంతుడు కపిలుడై ఆమె గర్భమున జన్మించువరకు ఆగెను. కళను మరీచికి, అనసూయను అత్రికి, అరుంధతిని వసిష్ఠునకు, తక్కిన కుమార్తెలను తక్కిన ఋషులకు ఇచ్చి వివాహము చేయువరకు ఆగెను. పిదప కపిలుని అనుమతి పొంది, ఏ భారమును వెనుక వదలక, అడవికి పోయెను.

ఇందలి సూక్ష్మమును పాఠకులు గమనింపవలెను. విహారమునకు పోవునప్పుడు భార్య తోడుండెను గనుక అడ్డు లేదు. శాశ్వతముగా విడిచిపోవు సమయమున మాత్రము, వెనుక ఉండిపోవువారి నోటినుండి మాట రావలెను. ఆ మాట వినకుండ పోయినచో అడవియు మోక్షమీయదు, సముద్రమును ఈయదు. బృహదారణ్యకోపనిషత్తునందు యాజ్ఞవల్క్యుడును గృహము విడుచుటకు ముందు తన భార్యలైన మైత్రేయీ కాత్యాయనులకు ఆస్తి పంచి ఇచ్చుటకు సిద్ధపడెను. ధనము కాదు, అమృతత్వము కావలెనని మైత్రేయి అడిగినప్పుడు కూర్చుండి ఉపదేశించెను. వెళ్లువానికి తొందర ఉండవచ్చును. ఉండిపోవువారి ప్రశ్నకు సమాధానము చెప్పునంత కాలము నిలుచుటయే అతని చివరి గృహస్థధర్మము.

నేడు అరువదియైదు, డెబ్బదియేండ్ల తల్లిదండ్రులు ఇచ్చట పల్లెలో ఉండగా, సంతానము విదేశమున పని మానుకొని సముద్రయానము తలపెట్టినచో, దేవహూతి నేలను వ్రాసిన ఆ కాలిగోరు ఈ తల్లిది. పైకి నవ్వుచు, సరేయని చెప్పుచు, లోపల కలగునది ఆమెయే. పెద్దసముద్రము నడుమ ఉన్నవానికి తండ్రి జబ్బుపడిన కబురు ఉపగ్రహము ద్వారా నిమిషములో చేరవచ్చును. కాని అతడు రేవు చేరుటకు వారములు పట్టును. గాలికి తొందరలేదు. ఈ సంగతి ముందుగానే తెలిసి, ఆ కాలమున ఎవరు తల్లిదండ్రులను చూతురో ఏర్పరచి, వారితో మాటాడి, వారి అంగీకారము పొందినవాడు కర్దముని మార్గమున ఉన్నాడు. ఏర్పరచకయే వెడలినవాడు తన స్వేచ్ఛకు వెల ఇతరులచేత చెల్లించుచున్నాడు.

భారతీయులు తెరచాప పడవలపై చేసిన భూప్రదక్షిణములలో రెండు పడవల పేర్లు ఈ విచారణకు అనుకూలముగా ఉన్నవి. మొదటిసారి భారతీయులు ఒక పడవపై లోకమును చుట్టివచ్చిన యాత్ర సైన్యాధికారులది. 1985లో ఇంగ్లండు నుండి బయలుదేరి 1987 జనవరిలో బొంబాయి చేరిరి. ఆ పడవ పేరు తృష్ణ. రెండవది నౌకాదళమునకు చెందిన తారిణి. ఆరుగురు మహిళాధికారులు 2017 సెప్టెంబరు 10న గోవానుండి దానిపై వెడలి, 254 దినములలో సుమారు 21,600 నాటికల్ మైళ్లు తిరిగి 2018 మే 21న గోవా చేరిరి. వారిలో విశాఖపట్టణమునకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య తెలుగు ఆడుబిడ్డలు. ఒరిస్సాలోని గంజాం ప్రాంతమున నావికులు కొలుచు తారా తారిణి అమ్మవారి పేరు ఆ పడవకు పెట్టబడినది. దాటించునది తారిణి. వారు దారిపొడవునను సముద్రపు అలలను, వాతావరణమును గూర్చిన వివరములను సేకరించి పంపుచు వచ్చిరి.

తృష్ణ అను పేరు పెట్టిన ఆ సైనికులు భోగతృష్ణతో పోలేదు. వారును విధినిర్వహణయందే పోయిరి. ఇచ్చట గ్రహింపవలసినది ఆ రెండు పదముల అర్థము మాత్రమే. పడవ ఒక్కటే, సముద్రము ఒక్కటే, తెరచాప నింపు గాలియు ఒక్కటే. దానిని నడుపునది దాహమైనచో ఎన్ని రేవులు చూచినను తదుపరి రేవు మిగిలియే ఉండును. దాటించు బుద్ధియైనచో ఒక్క రేవు చేరినను ప్రయాణము సఫలమగును. ఉద్యోగముపై విసుగుతో పడవ ఎక్కినవాడు ఆ విసుగును కూడ ఎక్కించుకొనియే పోవును. ఇంటియందు కూర్చున్నవాడు ఈ దాహమునకు అతీతుడనియు కాదు. ఇంటిగోడలకు రంగులు మార్చుచు, గదిపై గది వేయుచు కదలకుండగనే తృష్ణలో తిరుగువారు ఊరూరను కలరు. కనుక పడవను నిందించుటయు, ఇంటిని కీర్తించుటయు ఈ విషయమున పనికిరావు.

ఇక సత్రముయొక్క ఋణమును గూర్చి చెప్పవలసియున్నది. తిరుగువాడు తాను స్వతంత్రుడనని తలచును. నిజమునకు నిలిచియున్నవారిపై అతనికంటె ఎక్కువగా ఆధారపడినవాడు లేడు. దీపస్తంభమున దీపము వెలుగుటకు ఎవరో నిలిచి ఉండవలెను. రేవులో మంచినీరు, బియ్యము, చిరిగిన తెరచాపకు కుట్టు, విరిగిన చుక్కానికి మరమ్మతు, ఇవి అన్నియు నిలిచియున్నవారి చేతిపనులు. తారిణి కూడ మరమ్మతునకై మారిషస్ దీవిలోని పోర్ట్ లూయీ రేవున ఆగవలసివచ్చెను. గాలివాన కబురు ముందుగా చెప్పుటకు ఒడ్డున ఎందరో రాత్రింబగళ్లు మేలుకొనియుందురు. తుఫాను వచ్చునని తెలిసిన పడవ లంగరెత్తి తొలగిపోవచ్చును. ఊరు తొలగలేదు. 1984 నవంబరులో పెనుతుఫాను శ్రీహరికోట చెంత తీరము దాటినప్పుడు ఈ నెల్లూరు తీరములోని పల్లెలు ఎక్కడివి అక్కడనే ఉండి దానిని భరించినవి. కదలగలుగుట కూడ ఒక ఐశ్వర్యమే. ఐశ్వర్యమున్నచోట దానధర్మము ఉండియే తీరవలెను.

ఈ ఋణమును గుర్తెరిగిన సంచారులును కలరు. భారత నౌకాదళమున కమాండరుగా ఉండిన అభిలాష్ టామీ 2012–13లో ఎచ్చటను ఆగక ఒంటరిగా లోకమును చుట్టివచ్చిన మొదటి భారతీయుడు. 2018 సెప్టెంబరులో మరియొక పందెమున, హిందూమహాసముద్రపు దక్షిణభాగమున, తుఫాను అతని పడవ కొయ్యలను విరిచినది. వెన్నెముక దెబ్బతిని కదలలేక పడియుండగా, మూడు దినములకు ఫ్రాన్సు దేశపు మత్స్యశాఖ గస్తీ ఓడ వచ్చి అతనిని రక్షించెను. శస్త్రచికిత్స జరిగి, నడక మరల నేర్చుకొని, 2021లో నౌకాదళమునుండి విరమించెను. అప్పటికి వయస్సు ఇంకను నలువది ప్రాంతముననే ఉండెను. 2022లో అదే పందెమునకు తిరిగి వెళ్లి, 2023 ఏప్రిల్ 29న రెండవవాడై ఒడ్డు చేరెను. త్వరగా ఉద్యోగము చాలించి సముద్రమున కాలము గడపినవారిలో భారతదేశమున ప్రసిద్ధుడు ఇతడే. ఒంటరి పందెముననే ఇతని ప్రాణము ఇతరుల చేతులమీదుగా నిలిచినది.

ఆ పందెమున మొదట వచ్చినది దక్షిణాఫ్రికా దేశస్థురాలు కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్. 2022 నవంబరులో తోటి పోటీదారుడైన తాపియో లెహ్తినెన్ పడవ కొన్ని నిమిషములలో మునిగిపోగా, అతడు రక్షణ తెప్పపై తేలుచుండెను. ఆమె తన దారి మళ్లించి, రాత్రియంతయు చుక్కాని విడువక నడిపి, మరునాటి ఉదయము అతనిని పైకి తీసెను. దర్యా గాయత్రి అను సరుకు ఓడకు అప్పగించి, తన యాత్రను కొనసాగించెను. ఒంటరి పందెములో మనుష్యుడు ఒంటరివాడు కాడని ఆమె చేత చూపబడినది. గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో అతిథిని ఆదరించు మనుష్యయజ్ఞము ఒకటి. ఇల్లు లేనివానికి ఆ యజ్ఞము ఎట్లు సాగునని సందేహింపవచ్చును. నడిసముద్రమున తన పడవనే సత్రముగా చేయవచ్చునని ఈ సంఘటన తెలుపుచున్నది.

పక్షులకు ఈ ధర్మము సహజముగా అబ్బినది. దొరవారిసత్రము మండలములోని నేలపట్టు చెరువు 1976లో పక్షుల రక్షితప్రదేశముగా ప్రకటింపబడినది. వర్షాకాలము వెనుకబడగనే గూడబాతులు వచ్చి, నీటిలో నిలిచిన చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను లేపును. వాటి మేత ఆ చెరువులోనే చాలదు. సుమారు 20 కిలోమీటర్ల దూరమునగల పులికాట్ వరకు ఎగిరిపోయి, చేపలను పట్టి, మరల గూటికి వచ్చి పిల్లల నోటికి అందించును. పిల్లలకు రెక్కలు వచ్చు వరకు ఈ రాకపోకలు ఆగవు. అటుపిమ్మట అన్నియు ఎగిరిపోవును. అవి విడిచిన రెట్ట చెరువునీటిలో కలిసి ఆ నీరు పారిన పొలములకు ఎరువగును. అతిథులై వచ్చినవి, తమ బిడ్డలను పెంచుకొన్నవి, పోవునప్పుడు సత్రపు బాకీ తీర్చి పోయినవి. సంచారికి ఇంతకంటె వేరు శాస్త్రము అక్కరలేదు.

విరమణయు ఇట్లే ఇతరులకు ఉపకరించునట్లు ఉండవచ్చును. ఈ తూర్పుతీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవల సముద్రవేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లుపెట్టి సంతానము వృద్ధిచేసికొను కాలమది. వేటగాడు ఆ రెండునెలలు పడవను ఒడ్డున పెట్టి వలలు బాగుచేసికొనును. అది అతనికి సుఖవిరామము కాదు, ఇంటియందు ఇబ్బందియే. ఐనను అతని విరామము సముద్రమునకు ఆయువు. పని మానుటకు ముందు, తన విరామము ఎవరికి ఆయువగునని అడుగుకొనువాడు ఆ జాలరి ఎదుట తలదించుకొననక్కరలేదు.

చివరకు, ఎంత తిరిగినను మనస్సు వ్రాలు చోటు ఏదియను ప్రశ్న మిగులును. ఈ ప్రశ్నకు సమాధానము రాజ్యము విడిచిన రాజు ఒకడు చెప్పెను. చేర దేశమునేలిన కులశేఖరాళ్వారు తన పెరుమాళ్ తిరుమొళిలోని విత్తువక్కోడు పాశురములలో ఓడకొయ్యపై వ్రాలిన పక్షిని పోలికగా చెప్పెను. ఆ పక్షి కొయ్యను విడిచి ఎగిరి నలుదిక్కులను చూచును. ఎటు చూచినను ఒడ్డు కానరాదు. ఎంత ఎగిరినను మరల ఆ కొయ్యనే చేరును. జీవునకు భగవంతుడు తప్ప వేరు గతి లేదని దాని తాత్పర్యము. అట్టి ఆళ్వారే తిరువేంగడమును గూర్చి పాడునప్పుడు, రాజభోగము వలదని, ఆ కొండపై కోనేటి కొంగయైనను, చేపయైనను, చెట్టైనను, తుదకు స్వామి వాకిట పడియైనను కావలెనని కోరెను. తిరుమలలో గర్భాలయపు గడపకు నేటికిని కులశేఖరపడి అని పేరు. లోకమునేలగల రాజు తిరుగుటను కోరలేదు. నలుగురు దాటిపోవు గడపయై నిలుచుటను కోరెను. పడిగా నిలుచుట సత్రముగా నిలుచుటయే. భక్తులు తనపై నడచి దర్శనమునకు పోవుదురు, తాను స్వామిని చూచుచు అచ్చటనే ఉండును.

కనుక త్వరగా పని చాలించి సముద్రయానము చేయదలచిన గృహస్థుడు తన్ను తాను అడుగవలసినవి మూడు. వెనుక ఉండిపోవువారి నోటినుండి నిజమైన అంగీకారము వచ్చినదా? తన్ను కదిలించునది తృష్ణయా, దాటించు బుద్ధియా? దారిలో తనకు నీడనిచ్చు సత్రములకు తాను తిరిగి ఏమి ఈయగలడు? ఈ మూడింటికి సరియైన సమాధానము ఉన్నవాడు నలువదియేండ్లకు వెళ్లినను దోషము లేదు. లేనివాడు డెబ్బదియేండ్లకు వెళ్లినను వానప్రస్థుడు కాడు. ఇంటిపట్టుననే ఉండువారికిని ఈ ప్రశ్నలు తప్పవు. వారి విషయమున మూడవ ప్రశ్న కొంచెము మారును. తమ గడప ఎవరికి సత్రమైనదని వారు అడుగుకొనవలెను.

సముద్రమున తిరుగువారికి రేవులును, ఒడ్డున నిలిచినవారికి అతిథులును లోపింపకుండుగాక. పోవువారు ఋణము తీర్చి పోవుదురుగాక. ఉండువారు వాకిలి తెరచి ఉందురుగాక. ఇరువురికిని ఓడకొయ్యవంటి ఆ శ్రీనివాసుని పాదము ఎల్లవేళల కనులయెదుట నిలుచుగాక.